ఆమ్ల గాలి తగిలిన ఆకులో ఏ పోషకం పోయిందో కనిపెట్టడం ఎలా

ఆకు పసుపు పడగానే నత్రజని తగ్గిందనుకుని యూరియా వేసేవాళ్లే ఎక్కువ. బొగ్గు మండించే బట్టీలు, థర్మల్ విద్యుత్ కేంద్రాలు, లారీలు ఆగకుండా తిరిగే రోడ్లు దగ్గరున్న చోట ఈ అలవాటు మొక్కకు రెండో దెబ్బ. అక్కడ నత్రజనిని గాలే కొంత మోసుకొచ్చి పెడుతుంది. ఆకు నుంచి పోతున్నవి పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం. పైగా యూరియా నేలలో ఆమ్లత్వాన్ని ఇంకాస్త పెంచుతుంది, దాంతో పోయేవి ఇంకా త్వరగా పోతాయి.

నేను ఆకుల విశ్లేషణ చేసే ప్రయోగశాలలో పనిచేస్తాను. నా బల్ల మీదికి వచ్చే ఆకుల్లో సగానికి సగం సరిగ్గా కోసి పంపినవి కావు. కోత తప్పితే రిపోర్టు తప్పుతుంది, రిపోర్టు తప్పితే మందు తప్పుతుంది. అందుకే కాలుష్యం అనుమానం ఉన్న మొక్కను ఎలా పరీక్షించాలో, తర్వాత ఏం చేయాలో మొదటి నుంచి చివరిదాకా చెబుతున్నాను. చదివేటప్పుడు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆకు పోగొట్టుకున్నదాన్ని వేరు నేలలోంచి తెచ్చి మళ్లీ నింపుతుంది. నేలలో అది అయిపోయినప్పుడే మొక్క నిజంగా జబ్బు పడుతుంది. కాబట్టి ఆకును చూసి కారణం తెలుసుకున్నా, వైద్యం ఎక్కువభాగం నేలకే చేయాలి.

ఆకు మీద జరిగేది

సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలోని తేమతో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లం, నైట్రిక్ ఆమ్లంగా మారతాయి. వానగా, పొగమంచుగా, పొడి ధూళిగా ఆకు మీద పడతాయి. ఏ కాలుష్యం లేని వాన కూడా పూర్తిగా తటస్థంగా ఉండదు. కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల దాని పిహెచ్ (ఆమ్లత్వాన్ని చూపే అంకె, 7 అంటే తటస్థం) 5.6 దగ్గర ఉంటుంది. పిహెచ్ ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 4.6 ఉన్న వాన 5.6 ఉన్న వానకంటే పది రెట్లు ఘాటైనది. చాలామంది ఈ అంకెను తేలిగ్గా తీసుకుంటారు, తీసుకోకండి.

ఆకు పైనుండే మైనపు పొరను ఆమ్లం మెల్లగా అరగదీస్తుంది. ఆ తర్వాత అసలు నష్టం మొదలవుతుంది. ఆకు కణాల గోడల్లో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం అయాన్లు (విద్యుదావేశమున్న పరమాణువులు) అంటిపెట్టుకుని ఉంటాయి. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్ వచ్చి వాటి చోట కూర్చుంటుంది, అవి నీటితో కిందికి జారిపోతాయి. వెడల్పాటి ఆకుల చెట్టు కిందికి కారే వాన నీటికి బయట పడే వానకంటే ఆమ్లత్వం తరచుగా తక్కువగా ఉండేది ఇందుకే. ఆమ్లాన్ని ఆకు తగ్గించింది, తన పోషకాలు ఇచ్చి తగ్గించింది.

అన్నీ ఒకేలా పోవు. పొటాషియం ఆకులో ఏ నిర్మాణంలోనూ గట్టిగా కట్టుబడి ఉండదు కాబట్టి అందరికంటే ముందు అదే జారిపోతుంది. మెగ్నీషియంలో కొంత భాగం పత్రహరితం అణువు నడిబొడ్డున ఉంటుంది. ఆమ్లం ఎక్కువైతే దాన్ని కూడా బయటికి తోసేస్తుంది, ఆకుపచ్చ పోయి గోధుమ ఛాయ వస్తుంది. కాల్షియం ఎక్కువగా కణాల గోడల్లోని జిగురు పదార్థమైన పెక్టిన్‌తో బిగిసి ఉంటుంది, కానీ వదులుగా ఉండే కొద్దిపాటి కాల్షియమే కణపు పొరలను కాపాడేది. అమెరికా ఈశాన్య పర్వతాల్లోని రెడ్ స్ప్రూస్ అనే సూదులాకుల చెట్లలో సరిగ్గా ఈ వదులు కాల్షియమే ఆమ్ల పొగమంచుకు కొట్టుకుపోయింది. వాటి సూదులాకులు చలిని తట్టుకునే శక్తి తగ్గి శీతకాలంలో మాడిపోయాయి. మొత్తం కాల్షియం చూస్తే మరీ తక్కువగా ఏం కనిపించదు. ఇలాంటివి ఉంటాయని తెలిసి ఉండాలి, రిపోర్టులో అంకె బాగుందని ఊరుకోకూడదు.

నత్రజని, గంధకం మాత్రం గాలి నుంచి లోపలికి వస్తాయి. భాస్వరం ఆకు మీద పెద్దగా కదలదు. దాని కథ నేలలో ఉంటుంది.

ముందు వాన నీళ్లు పట్టండి

శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెలు రెండు తీసుకుని డిస్టిల్డ్ నీటితో కడగండి. ఒకటి ఏ అడ్డూ లేని చోట, ఇంకొకటి అనుమానం ఉన్న చెట్టు కొమ్మల కింద పెట్టండి. వాన మొదలయ్యేటప్పుడే మూత తీయాలి, లేకపోతే అంతకుముందు పడిన దుమ్ము లెక్కలోకి వస్తుంది. ఇంటి కప్పు నుంచి కారే నీళ్లు వద్దు. సిమెంటు, రేకు ఆ నీటి గుణాన్ని మార్చేస్తాయి.

పిహెచ్ కాగితాలు వాన నీటికి పనికిరావు. అందులో లవణాలు మరీ తక్కువ కాబట్టి రంగు తప్పు చూపిస్తుంది. మీటరే కావాలి. పిహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో సరిచేసి, అంకె నిలబడేదాకా ఓపిగ్గా ఆగండి. వాన నీటిలో అది ఆలస్యంగా నిలబడుతుంది. అదే రోజు కొలవడం మంచిది.

బయటి గిన్నె పిహెచ్, చెట్టు కింది గిన్నె పిహెచ్ రాసుకోండి. రెండింటి ఇసి (నీరు విద్యుత్తును ఎంత పోనిస్తుందో చూపే కొలత, కరిగిన లవణాలు పెరిగితే ఇదీ పెరుగుతుంది) కూడా రాసుకోండి. కింది నీటిలో ఇసి బాగా ఎక్కువుండి, పిహెచ్ కూడా పెరిగితే ఆకులు తమ పోషకాలు ఇస్తున్నాయని అనుమానించవచ్చు. అనుమానం అని ఎందుకంటున్నానంటే, ఆకు మీది దుమ్ము కడిగినా ఇలాగే కనిపిస్తుంది. దాన్ని తేల్చడానికి వాన ఆగకుండా పడుతున్నప్పుడు తొలి అరగంట నీటిని పారబోసి, తర్వాతి నీటిని విడిగా పట్టండి. దుమ్ము మొదటి నీటితోనే చాలావరకు పోతుంది. ఆకు నుంచి పోయేది తర్వాత కూడా వస్తూనే ఉంటుంది. వీలైతే ఆ నీటిలో పొటాషియం కొలిపించండి, ఇసి కంటే అది నమ్మదగ్గ సాక్షి. బయటి వానలో ఇసి ఎక్కువ చూపించినా లవణాలే ఉన్నాయనుకోవద్దు. పిహెచ్ 4 ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లపు నీటికి ఆమ్లం వల్లనే ఇసి సెంటీమీటరుకు 40 మైక్రోసీమెన్స్ దాటుతుంది.

ఇంకో మాట. వాన పిహెచ్ 6 వచ్చిందని గాలి శుభ్రంగా ఉందనుకోకండి. కాల్షియం ఎక్కువున్న మట్టి ధూళి, సిమెంటు ధూళి గాలిలో ఉంటే ఆమ్లాన్ని అవే తటస్థం చేస్తాయి. పిహెచ్ బాగుంటుంది, సల్ఫేటు, నైట్రేటు మాత్రం అలాగే పడుతుంటాయి. పొగమంచు సంగతి వేరు. చిన్న చుక్కలు, తక్కువ నీళ్లు, అందులో ఆమ్లం చిక్కగా ఉంటుంది. ఎండ రాగానే నీరు ఆరిపోయి సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇంకా చిక్కబడుతుంది. వానలు తక్కువున్న చోట కూడా ఆకులు దెబ్బతినడానికి ఇది ఒక కారణం.

కంటితో చదవడం

పసుపు ఎక్కడుందో ముందు చూడండి. మొక్క లోపల కదిలే పోషకాలు తక్కువైతే పాత ఆకుల్లో తెలుస్తుంది, ఎందుకంటే వాటిని పీకి లేత ఆకులకు పంపేస్తుంది. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం, భాస్వరం ఈ జాతి. కాల్షియం కదలదు, కాబట్టి దాని కొరత లేత ఆకుల్లో, చిగుళ్లలో కనిపిస్తుంది.

ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య పసుపుగా ఉంటే మెగ్నీషియం. ముదురాకు అంచు మాడితే పొటాషియం. ఆకు అంతా ఒకే తీరున పాలిపోతే నత్రజని. కొత్త చిగురు వంకర తిరిగి, కొనలు చచ్చిపోతుంటే కాల్షియం. ఈనెల మధ్య తెల్లగా లేదా పాలిపోయిన గోధుమరంగులో మచ్చలు వచ్చి, ఈనెలు పచ్చగానే ఉంటే అది కొరత కాకపోవచ్చు, సల్ఫర్ డయాక్సైడ్ వాయువు పత్రరంధ్రాల్లోంచి నేరుగా దూరి చేసిన గాయం కావచ్చు. కొరత వారాల్లో మెల్లగా వస్తుంది. వాయువు గాయం ఒక్కసారిగా, గాలి వచ్చే వైపు ఆకులకు, ఆ ప్రాంతంలో రకరకాల మొక్కలకు ఒకేసారి వస్తుంది. ఈ తేడా మీద నేను చాలా ఆధారపడతాను.

జర్మనీలోని ఫిష్టెల్‌గెబిర్గే కొండల్లో 1980ల్లో స్ప్రూస్ అడవులు పసుపు పడినప్పుడు పాత సూదులాకులే ముందు పసుపు పడ్డాయి. కారణం మెగ్నీషియం. గాలి నుంచి నత్రజని అందుతుంటే చెట్టు పెరగాలని చూసింది, ఆ పెరుగుదలకు సరిపడా మెగ్నీషియం నేలలో లేదు. ఉన్నదాన్ని పాత ఆకుల నుంచి కొత్తవాటికి పంపింది. మీ మొక్కలో ఎదుగుదల బాగానే ఉండి పాతాకులు మాత్రం పసుపు పడుతుంటే ఈ దారిలో ఆలోచించండి.

మైనపు పొరను చూడటానికి సులువైన పని ఒకటుంది. ఒకే వయసున్న ఆకులు, ఒకటి ఎండావానా తగిలే చోటు నుంచి, ఇంకొకటి మరుగు నుంచి తెచ్చి ఒక్కో నీటిచుక్క వేయండి. పొర బాగుంటే చుక్క గుండ్రంగా నిలుస్తుంది, అరిగితే పరుచుకుపోతుంది. ముదిరిన ఆకుల్లో పొర ఎలాగూ అరుగుతుంది, కాబట్టి వయసు ఒకటే ఉండటం తప్పనిసరి.

ఆకులు కోసి పంపడం

వాన పడిన వెంటనే కోయవద్దు. పొటాషియం కడిగిపోయి కొరతలాగా కనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఆగి, చివరి వాన ఎప్పుడు పడిందో కవరు మీద రాయండి. మందు కొట్టిన ఆకులు, పురుగు తిన్న ఆకులు పనికిరావు.

ఒక్కో చెట్టు నుంచి రెండు నమూనాలు తీయండి. ఈ మధ్యనే పూర్తిగా విచ్చుకుని ముదిరిన ఆకులు ఒకటి, అదే కొమ్మల్లోని పాత ఆకులు ఒకటి. విడివిడి కాగితం సంచుల్లో వేయండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే ఆకులు చెమర్చి కుళ్లుతాయి, కుళ్లిన ఆకును నేను విశ్లేషించినా ఆ అంకెకు అర్థం ఉండదు. పొగ తగలని చోట అదే రకం మొక్క ఉంటే దాని ఆకులు కూడా పంపండి. పోల్చడానికి ఏదీ లేకపోతే ఆ రిపోర్టు సగం రిపోర్టే.

కడగటం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆకుల్ని నీళ్లలో నానబెడితే మనం కొలవాలనుకున్న పొటాషియమే ఆ నీళ్లలోకి పోతుంది. కొద్దిగా డిటర్జెంట్ కలిపిన నీటిలో ముంచి తీసి, వెంటనే డిస్టిల్డ్ నీటిలో జాడించండి. అర నిమిషంలో పని ముగియాలి. ఇంకో సగం ఆకుల్ని కడగకుండానే పంపండి. కడిగినవి, కడగనివి రెండూ కొలిస్తే ఆ తేడా ఆకు పైనుండే ధూళి. కడగని ఆకులో కాల్షియం చాలా ఎక్కువొచ్చి కడిగిన ఆకులో తక్కువొస్తే, మీ ఆకులపై సిమెంటు లేదా మట్టి ధూళి ఉంది. అది ఆకు లోపలి కాల్షియం కాదు. ఆకుల్ని 65 నుంచి 70 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఆరబెట్టాలి. ఓవెన్ లేకపోతే తడి తుడిచి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టి త్వరగా పంపేయండి.

ఆకులతో పాటు అదే చెట్టు కింది మట్టి పంపాలి. పిహెచ్, మార్పిడికి వీలైన (అంటే మట్టి రేణువులకు వదులుగా అంటుకుని ఉన్న) కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, అల్యూమినియం అడగండి. మామూలు భూసార పరీక్షలో అల్యూమినియం ఉండదు, ప్రత్యేకంగా అడగాలి.

రిపోర్టు చదవడం

పొడి బరువులో చాలా మొక్కలకు సరిపోయే స్థాయిలు సుమారుగా ఇవి: నత్రజని 1.5 శాతం, పొటాషియం 1, కాల్షియం 0.5, మెగ్నీషియం 0.2, భాస్వరం 0.2, గంధకం 0.1. మీ పంటకు ప్రత్యేకమైన పట్టిక దొరికితే దాన్నే నమ్మండి, పంటకూ పంటకూ తేడా చాలా ఉంటుంది.

నేను విడి అంకెల కంటే జతలు చూస్తాను. నత్రజని నిండుగా ఉండి మెగ్నీషియం తక్కువుంటే అది యూరియా వేయాల్సిన మొక్క కాదు. పొగ తగలని మొక్కతో పోలిస్తే గంధకం ఎక్కువగా ఉంటే గాలి కాలుష్యానికి అది గట్టి గుర్తు. ఆరోగ్యంగా ఉన్న మొక్కలో ఆకు ముదిరేకొద్దీ కాల్షియం పెరుగుతుంది, నత్రజని, పొటాషియం తగ్గుతాయి. పాత ఆకులో కాల్షియం లేత ఆకు కంటే ఎక్కువ లేకపోతే, సరఫరా ఆగిందని అర్థం.

మాంగనీసు అంకె తప్పకుండా చూడండి. నేల పిహెచ్ 5.5 కంటే తగ్గాక మాంగనీసు విపరీతంగా కరిగి ఆకుల్లోకి చేరుతుంది. ఆకులో కాల్షియం తగ్గుతూ మాంగనీసు పెరుగుతుంటే సమస్య ఆకు మీద లేదు, నేలలో చేరిపోయింది. పిహెచ్ 5 దిగిందంటే అల్యూమినియం కరిగి వేరు కొనలను కాల్చేస్తుంది, భాస్వరాన్ని తనతో బిగించేసుకుంటుంది. అప్పుడు కాల్షియం, మెగ్నీషియం నేలలో కాస్తో కూస్తో ఉన్నా వేరు తీసుకోలేదు.

మాంగనీసు మామూలుగా ఉండి, నేల పిహెచ్ బాగుండి, ఆకులో పొటాషియం, మెగ్నీషియం మాత్రమే తగ్గితే ఆకు నుంచి కడిగిపోవడం ఒక్కటే జరుగుతోంది. ఇది సులభంగా సరిచేయగలిగిన దశ. ఇక్కడే పట్టుకోవాలి. ఎందుకంటే పోయినదాన్ని నింపడానికి వేరు కాల్షియంలాంటివి తీసుకుంటూ బదులుగా హైడ్రోజన్ అయాన్లను నేలలోకి వదులుతుంది. ఆకు మీద పడిన ఆమ్లం ఈ దారిలో కూడా నేలకు చేరుతుంది.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

మొదట ఆమ్లం పెంచే ఎరువులు ఆపండి. 100 కిలోల అమ్మోనియం సల్ఫేటు వేస్తే వచ్చే ఆమ్లాన్ని తటస్థం చేయడానికి సుమారు 110 కిలోల కాల్షియం కార్బనేటు (సున్నపురాయిలోని పదార్థం) కావాలి. యూరియాకైతే సుమారు 80. నత్రజని నిజంగా అవసరమైతే కాల్షియం నైట్రేటు రూపంలో ఇవ్వండి.

నేల పిహెచ్ తక్కువుంటే సున్నపురాయి పొడి, మెగ్నీషియం కూడా తక్కువైతే డోలమైటు (మెగ్నీషియం కూడా ఉన్న సున్నపురాయి). ఆకులో మెగ్నీషియం లోపం కనిపించిన చోట నేను ఎప్పుడూ డోలమైటే చెబుతాను. ఎంత వేయాలో మట్టికి చేసే బఫర్ పరీక్ష చెబుతుంది, కంటి అంచనాతో వేయకండి. ఇసుక నేలకు తక్కువ, బంకమట్టికి ఎక్కువ పడుతుంది. చాలా పంటలకు పిహెచ్ 6 నుంచి 6.5 చాలు. 7 దాటించారంటే ఇనుము, జింకు, మాంగనీసు, బోరాన్ అందకుండా పోయి ఇంకో రకం పసుపు వస్తుంది. టీ, అజేలియాలాంటి ఆమ్ల నేలనే కోరుకునే మొక్కలకు సున్నం జోలికి పోవద్దు. సున్నాన్ని అమ్మోనియం ఎరువుతో, పచ్చి పేడ ఎరువుతో కలిపి వేయకూడదు, నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

జిప్సం (కాల్షియం సల్ఫేటు) పిహెచ్ పెంచదు, కానీ కాల్షియాన్ని లోతుకు దింపుతుంది. అది మెగ్నీషియాన్ని, పొటాషియాన్ని తోసుకుపోతుంది కూడా. అందుకే మెగ్నీషియం తక్కువున్న నేలలో జిప్సం ఒక్కటే వేయడం నాకు ఇష్టం ఉండదు. పొటాష్ విషయం కూడా ఇంతే. పొటాషియం ఎక్కువైతే వేరు మెగ్నీషియం తీసుకోవడం తగ్గిస్తుంది. రెండూ తక్కువుంటే రెండూ కలిపి సరిచేయాలి.

ఆకుల మీద పిచికారీ తాత్కాలిక సాయం. లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేటు సాయంత్రం పూట కొట్టవచ్చు. మైనపు పొర అరిగిన ఆకులు త్వరగా మాడతాయి కాబట్టి ముందు 5 గ్రాములతో ఒక కొమ్మ మీద చూసి, రెండు రోజుల తర్వాత మిగతావాటికి. కాల్షియం కోసం లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేటు. ఈ రెంటినీ ఒకే ట్యాంకులో కలపకండి, జిప్సంగా గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది.

చిక్కటి పొగమంచు పట్టిన ఉదయం ఎండ ఎక్కకముందే మంచినీటితో ఆకులు కడిగితే మేలు. రోజూ మాత్రం వద్దు, ఎక్కువ కడిగితే పొటాషియం మళ్లీ మనమే పోగొట్టినట్టవుతుంది. రాలిన ఆకుల్ని ఊడ్చి తగలబెట్టే పని మానండి. చెట్టు కష్టపడి తెచ్చుకున్న కాల్షియం వాటిలోనే ఉంది, అక్కడే కుళ్లనివ్వండి. కుండీల్లో మట్టి కొద్దిగా ఉంటుంది కాబట్టి దెబ్బ త్వరగా తెలుస్తుంది. మట్టి మార్చితే బాగుపడటం కూడా త్వరగానే.

తోటల్లో, చెట్లలో ఓపిక కావాలి. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1999 అక్టోబరులో ఒక పరివాహక ప్రాంతమంతటా హెలికాప్టర్‌తో కాల్షియం సిలికేటు చల్లారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో షుగర్ మేపుల్ ఆకుల్లో కాల్షియం పెరిగింది, మాంగనీసు తగ్గింది, చెట్ల తలలు కోలుకున్నాయి. అక్కడ కూడా ఒక్క సీజన్‌లో ఏదీ అయిపోలేదు.

మీరు వేసిన మందు పనిచేస్తోందా లేదా తెలుసుకోవాలంటే అదే చెట్టుకు, అదే వైపు కొమ్మలకు గుర్తు కట్టుకుని, మరుసటి ఏడు అదే కాలంలో అదే వయసు ఆకులు కోయండి. ఈ ఏటి ఆకుల పొడిలో కొంచెం గాలి చొరని సీసాలో దాచమని ప్రయోగశాల వాళ్లను అడగండి. వచ్చే ఏడు దాన్ని కొత్త నమూనాతో కలిపి మళ్లీ కొలిపించండి. పాత పొడి అంకె మారకుండా, కొత్త ఆకు అంకె పెరిగితే మార్పు ఆకులో వచ్చింది. పాత పొడి అంకె కూడా మారిందంటే తేడా యంత్రంలో ఉంది, ఆ రిపోర్టు చూసి సున్నం మోతాదు మార్చకండి.